లాభం నుంచి ఇరవై దాకా

స్టోర్సు ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు తిరుపతిలో మా ఇంటికి వస్తుంటారు. వచ్చినవాళ్ళ చూపు ముందు గోడ మీదికి పోతుంది. అక్కడ నా సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి ఉంది. ఉత్పత్తి, నిల్వల నిర్వహణలో వరదాచారి అనే నేను అర్హుణ్ణని అందులో రాసి ఉంటుంది. కింద రెండు సంతకాలు, ఒక ముద్ర, కుడివైపు మూలన బొటనవేలంత పసుపు మరక. సంతకాలు ఎవరివని అడుగుతారు, ముద్ర ఏ సంస్థదని అడుగుతారు. మరక సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తరు. పెద్దాయన కాఫీ ఒలకబోసుకున్నాడేమో, అడిగితే నొచ్చుకుంటాడని ఊరుకుంటారు కాబోలు.

అడగరు కనుక నేనే చెబుతున్నాను. ఈ పనిలో నేను నేర్చుకున్న ముఖ్యమైన సంగతి ఆ మరకలోనే ఉంది. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి వచ్చాయి, రానివి పక్క సీటు వాడికి పోయాయి. రిజిస్టర్లు ఎలా నింపాలో కూడా చెప్పను, అది మీకు మీ హెడ్ గుమాస్తా తిట్టి మరీ నేర్పిస్తాడు.

కాగితం కోసం ప్రయాణం

డెబ్భైల చివర్లో నేను బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో స్టోర్సు గుమాస్తాగా చేరాను. మా ఇంట్లో అందరూ గుడి కొలువులోనో, బడి కొలువులోనో ఉన్నవాళ్ళే. నేను నామం పెట్టుకుని మామిడికాయల మధ్యకు పోతానంటే మా నాయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు మాత్రం, పండ్లు మిగిలితే ఇంటికి పంపిస్తారా అని అడిగాడు.

ఫ్యాక్టరీ యజమాని నాయుడుగారు. తోటల్లో పెరిగిన మనిషి. కాయ ముచ్చిక వాసన చూసి ఇది ఎన్నాళ్ళకు మాగుతుందో చెప్పేవాడు. ఒకసారి విదేశం నుంచి ఒక కొనుగోలుదారు ఉత్తరం రాశాడు. మీ దగ్గర నిల్వలు చూసే మనిషికి ఏమైనా అర్హత ఉందా అని అందులో ఒక ప్రశ్న. నాయుడుగారు నన్ను పిలిచాడు.

"ఏమప్పా వరదా, నీకు అర్హత ఉండాదా?"

"బీకాం ఉందండి."

"అది అందరికీ ఉండాది. తిరుపతిలో శని, ఆదివారాలు ఏందో క్లాసులు చెప్తాండారంట, స్టోర్సు పని మీద. చివర్న కాయితం ఇస్తారంట. పోయి ఆ కాయితం తెచ్చుకో. ఏం చెప్తారో నాకొద్దు, కాయితం కావల్ల."

అలా నన్ను చదువుకు పంపారు. క్లాసులు ఒక ప్రాథమిక పాఠశాలలో జరిగేవి. బల్లలు ఆరేళ్ళ పిల్లల కోసం చేసినవి. మేం ఇరవై మంది మీసాలవాళ్ళం మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చునేవాళ్ళం. పాఠం చెప్పేది సుబ్బరాయన్ సార్. రైల్వేలో స్టోర్సు అధికారిగా చేసి రిటైరై, ప్రతి శనివారం పొద్దున మద్రాసు నుంచి రైల్లో వచ్చేవారు. అరవం కలిసిన తెలుగు, అందులో ఇంగ్లీషు. మూడూ కలిసినా ఆయన చెప్పింది స్పష్టంగా అర్థమయ్యేది. చివర్లో ఒక రాత పరీక్ష, ఎవరి ఫ్యాక్టరీలో వాళ్ళు చేసిన ప్రాజెక్టు, దాని మీద మౌఖిక పరీక్ష. మూడూ దాటితే కాగితం.

మామిడికాయకు సూత్రం చెప్పిన రోజు

మొదటి నెలలోనే నాకు తల తిరిగింది. ఒక సరుకు ఒక్కోసారి ఎంత తెప్పిస్తే మంచిదో చెప్పే సూత్రం ఒకటి ఉంది. ఏడాదికి ఎంత వాడతాం, ఆర్డరు పెట్టడానికి ఎంత ఖర్చు, నిల్వ ఉంచడానికి ఎంత ఖర్చు, ఈ మూడూ అందులో వేస్తే జవాబు వచ్చేస్తుంది. అబ్బ, ఎంత అందంగా ఉందో అనుకున్నాను. ఖాళీ డబ్బాలకు లెక్క వేసి, నెలకొక లోడు చొప్పున పన్నెండు లోడ్లు తెప్పించాలని తేల్చి, నాయుడుగారి బల్ల మీద పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివాడు.

"నెలకొక లోడా? మార్గశిరంలో ఆ డబ్బాల్లో ఏం పోస్తావప్పా, మంచునా?"

"సూత్రం ప్రకారం అంతే వస్తోందండి."

"అయితే తోటలోకి పోయి బెంగళూరా మామిడి చెట్ల ముందర నిలబడి నీ సూత్రం చదువు. నెలకింత మాగమని చెప్పు. అవి ఇన్నాయంటే నేను ఇప్పుడే సంతకం పెడతా."

మామిడి సీజను ఆరేడు వారాలు. మాగితే అన్నీ ఒక్కసారే మాగుతాయి. ఈ సంగతి తెలియని మనిషి చిత్తూరు జిల్లాలో లేడు, నాకూ తెలుసు. సుబ్బరాయన్ సార్‌కు చెబితే తల కొట్టుకున్నారు. వాడకం ఏడాది పొడుగునా ఒకేలా ఉంటేనే ఈ సూత్రం పనిచేస్తుందని ఆయన మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పారట. ఆ ఐదు నిమిషాలూ నేను బస్టాండు దగ్గర ఇడ్లీ తింటున్నాను.

దీంతో బుద్ధి వచ్చి ఉండాలి. రాలేదు. ఫ్యాక్టరీలో నాకు 'సర్టిఫికెట్టు సామి' అని పేరు మాత్రం వచ్చింది.

లాభం రద్దు

ఇప్పుడు మునిరత్నం గురించి చెప్పాలి. మా ఫ్యాక్టరీలో హమాలీల మేస్త్రి. యాభై దాటిన మనిషి, నల్లగా, సన్నగా ఉండేవాడు. గొంతు మాత్రం హైవే అవతలికి వినిపించేది. ఆయన కింద పన్నెండు మంది జట్టు. గుజ్జు డబ్బాలు సర్దిన అట్టపెట్టెలను గోడౌను నుంచి మద్రాసు లారీకి ఎక్కించడం వాళ్ళ పని.

లెక్క ఇలా జరిగేది. మేస్త్రి గోడౌను వాకిట్లో నిలబడతాడు. హమాలీలు ఒక్కొక్కరూ నెత్తిన పెట్టెతో ఆయన్ని దాటి పోతారు. ఆయన గట్టిగా లెక్క చెబుతాడు. నేను వరండాలో బల్ల దగ్గర కూర్చుని, ఇరవై అని వినబడగానే కార్డు మీద ఒక గీత గీస్తాను. లారీకి పదిహేను గీతలు, అంటే మూడు వందల పెట్టెలు.

మేస్త్రి లెక్క మాత్రం బడిలో నేర్పే లెక్క కాదు. వడ్లు కొలిచేటప్పుడు మీ ఇళ్ళల్లో వినే ఉంటారు. మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. "లాభం, రెండు, మూడు" అని పోతుంది. ఆరు తర్వాత ఏడు అనరు, ఏడవమన్నట్టు ఉంటుందని. మునిరత్నం "ఆరు, ఇంకోటి, ఎనిమిది" అనేవాడు. మా అవ్వ కూడా బియ్యం అలాగే కొలిచేది. అది నాకు తెలియని వింత ఏమీ కాదు. కానీ క్లాసులో కూర్చోవడం మొదలుపెట్టాక నాకు తెలిసినవన్నీ మూఢనమ్మకాలుగా కనిపించసాగాయి. పైగా ప్రాజెక్టుకు విషయం కావాలి. 'లెక్కింపులో శాస్త్రీయ పద్ధతి' అని పేరు పెట్టేసి, సీజను మొదటి లారీ వచ్చిన రోజు జట్టునంతా వాకిట్లో నిలబెట్టాను.

"మేస్త్రీ, ఈరోజు నుంచి లాభం లేదు."

మునిరత్నం మొహం పాలిపోయింది. జట్టులో ఒకడు గబుక్కున తూర్పు తిరిగి దణ్ణం పెట్టుకున్నాడు.

"అట్ల అనొద్దు సామీ, సీజను మొదట్లో. వాకిట్లో నిలబడి లాభం లేదంటారా ఎవురన్నా?"

"అయ్యో, లెక్కలో లేదంటున్నానయ్యా. ఒకటి నుంచి మొదలుపెట్టాలి. ఆరు తర్వాత ఏడు అనాలి."

"ఒకటి అంటే అంటాను. ఆ రెండోది నా నోట రాదు. లారీ ఇంకా కదల్లేదు, ముందే ఏడు అనేదెట్లా?"

"అది అంకె మేస్త్రీ."

"మీకు అంకె సామీ. ఇనేవోళ్ళకు ఏడమన్నట్ల ఉంటాది."

"ఇది పద్ధతి. చెప్పినట్టు చెయ్యండి."

చెప్పినట్టే చేశాడు. ఆరు అన్నాక కాస్త ఆగి, లారీ వైపు చూడకుండా, సరుకు వైపు చూడకుండా, మెడ తిప్పి నేరుగా నా కళ్ళల్లోకి చూస్తూ "ఏడు!" అని అరిచేవాడు. జట్టంతా కిసుక్కుమనేది. లారీకి పదిహేనుసార్లు ఆయన నన్ను ఏడవమనేవాడు, నేను శ్రద్ధగా గీతలు గీసుకునేవాణ్ణి.

రెండో లారీ నాడు నా బల్ల దగ్గరికి వచ్చి తలపాగా తీసి నిలబడ్డాడు.

"సామీ, ఆ లాభం సంగతి ఒకటి అడగాల్ల."

"ఆ మాట నా ముందు ఎత్తొద్దు మేస్త్రీ. నా ప్రాజెక్టు పాడవుతుంది."

"అది కాదు సామీ, లాభం యాడ..."

"ఎత్తొద్దన్నానా?"

"అట్లనే సామీ. మీరే అంటిరి కదా." అని తలపాగా చుట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

నష్టం

నాలుగు లారీలు పోయాక గోడౌనులో మిగిలిన పెట్టెలు లెక్కపెట్టాను. తయారైనవి ఎన్నో రిజిస్టరులో ఉన్నాయి, లారీల్లో పోయినవి నా కార్డుల్లో ఉన్నాయి. తీసివేస్తే మిగలాల్సినదాని కన్నా అరవై తక్కువ ఉన్నాయి. ఇంకోసారి లెక్కపెట్టాను. అరవై.

నిజం చెబుతాను. నాకు సంతోషం వేసింది. లోపం కనిపెట్టని ప్రాజెక్టుకు మార్కులు రావని క్లాసులో అనుకునేవాళ్ళం. నాకు ఏకంగా అరవై పెట్టెల లోపం దొరికింది. శాస్త్రీయ పద్ధతి పెట్టగానే దొంగతనం బయటపడిందని మూడు పేజీల నివేదిక రాశాను. చివరి వాక్యం నాకు బాగా నచ్చింది. 'లోడింగు విభాగంపై దృష్టి సారించవలసి యున్నది.'

శుక్రవారం పొద్దున నాయుడుగారు అది చదివాడు.

"లోడింగు విభాగం అంటే ఎవురప్పా? మునిరత్నమే కదా?"

"నేను పేరు రాయలేదండి."

"రాయకుంటే ఏం? ఆడ ఇంకెవురుండారు?"

పిల్లలూ, ఆఫీసు భాషలో పేరు రాయకుండా మనిషిని ముంచడం చాలా తేలిక. రాసినవాడికి చెయ్యి కూడా వణకదు. నాకు వణకలేదు.

మునిరత్నాన్ని పిలిపించారు. సంగతి విని ఆయన తలపాగా తీసి చేత పట్టుకున్నాడు.

"పదకొండేండ్లు ఈడ చేస్తా ఉండా సార్. ఒక్క డబ్బా ముట్టింది లేదు. వచ్చే వారం మా ఊర్లో గంగ జాతర. సుట్టుపక్కల ఊర్లన్నీ ఆడనే ఉంటాయి. దొంగ అనిపించుకుని ఏ మొగం పెట్టుకుని పొయ్యేది?"

"సోమవారం లోపల ఆ పెట్టెలు యాడుండాయో చెప్పు" అన్నాడు నాయుడుగారు. ఆయన గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువ ఉంది. "లేదంటే నువ్వూ నీ జట్టూ ఇంక రావద్దు."

మునిరత్నం నా వైపు తిరిగాడు. "సామీ, ఆ లాభం..."

"ఇప్పుడు లాభం సంగతి ఎందుకయ్యా, ముందు నష్టం సంగతి చెప్పు!" అన్నాను.

నాయుడుగారు కూడా నవ్వాడు. భలే అన్నాననుకుని నేను ఆ రోజంతా పొంగిపోయాను. ఆ మాట తల్చుకుంటే ఈ వయసులో కూడా నాకు సిగ్గు వేస్తుంది.

పదిహేను, పదిహేను, పదిహేను, పదిహేను

శనివారం క్లాసులో నివేదిక చదివాను. నా తోటివాళ్ళు చప్పట్లు కొట్టారు. సుబ్బరాయన్ సార్ కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఏ లారీకి ఎన్ని పోయాయి, విడిగా చెప్పు."

ఒక్కో లారీ పోయాక మిగిలిన పెట్టెలు కూడా నేను రాసి పెట్టుకునేవాణ్ణి, అప్పటికప్పుడు కార్డుతో మాత్రం పోల్చలేదు. చూసి చెప్పాను. మొదటి లారీకి పదిహేను. రెండోదానికి పదిహేను. మూడు, నాలుగు కూడా అంతే.

ఆయన భుజాలు కదలడం మొదలైంది. నవ్వుతున్నారని నాకు కాసేపటికి గానీ తెలియలేదు.

"వరదా, ఇంత క్రమశిక్షణ ఉన్న దొంగ దొరికితే వదలకూడదప్పా. నిన్ను తీసేసి వాడిని స్టోర్సులో వేసుకోమని మీ ముదలాళి నాయుడుగారికి చెప్పు." తర్వాత నవ్వు ఆపి అడిగారు. "కార్డు మీద లారీకి ఎన్ని గీతలు?"

"పదిహేను."

అన్నాక నాకే తట్టింది. గీతకు ఒకటి చొప్పున పోతున్నాయి.

"లెక్క జరిగేటప్పుడు నువ్వు ఎక్కడ కూర్చుంటావు?"

"వరండాలో సార్. వాకిలి కనబడదు. మేస్త్రి మొహం ఒకటే కనిపిస్తుంది."

"అంటే చెవులతో స్టాకు రాస్తున్నావు. లెక్కపెట్టే మనిషిని అడిగావా, ఏం జరుగుతోందని?"

నేను అడగలేదు. ఆయన తలుపు వైపు చెయ్యి చూపించారు. "పో. ఈరోజు నీ క్లాసు అక్కడ."

ఆ చిన్న బల్లలోంచి మోకాళ్ళు లాక్కుని బయట పడ్డాను. చిత్తూరులో బస్సు మారి, బంగారుపాళ్యం చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. ఐదో లారీ అప్పుడే వచ్చి నిలబడింది. సోమవారం తర్వాత ఉద్యోగం ఉంటుందో లేదో తెలియకపోయినా మునిరత్నం తన చోట నిలబడి ఉన్నాడు. నేను వరండాకు పోలేదు. ఆయన పక్కనే నిలబడ్డాను.

మొదటి హమాలీ పెట్టెతో వాకిలి దాటాడు. మేస్త్రి పెదాలు కదిలాయి. మాట బయటికి రాలేదు. రెండో హమాలీ దాటాడు.

"ఒకటి!" అని అరిచాడు మునిరత్నం.

"ఆపు, ఆపు! మేస్త్రీ, ముందు పోయిందేమిటి?"

"లాభం సామీ."

"లాభం వద్దన్నాను కదా!"

"అరిసి చెప్పొద్దంటిరి. అందుకే మనసులో అనుకుంటాండా."

"అది లెక్కలో రాలేదే!"

మునిరత్నం నన్ను జాలిగా చూశాడు. "ముందంతా లాభమే ఒకటి సామీ. మీరు దాన్ని కొట్టేస్తిరి. ఒకటి నుంచీ లెక్క అంటిరి. మరి లాభం యాడ పెట్టేది? లాభం లేకుండా సరుకు ఎట్ల కదిలిస్తాం? అదే అడగదామని వస్తే ఆ మాటే ఎత్తొద్దంటిరి. అందుకని ఒకటికి ముందర పెట్టినా. మీ ఒకటి మీకు, మా లాభం మాకు."

ఇరవైకి ఒక గీత గీశాననుకున్నాను. గీసింది ఇరవై ఒకటికి. అరవై పెట్టెలనూ ఎవరూ ఎత్తుకుపోలేదు. నేనే రోజూ వరండాలో కూర్చుని దర్జాగా మద్రాసుకు పంపించాను.

నలభై అడుగులు

గోడౌను నుంచి నాయుడుగారి గదికి నలభై అడుగులు ఉంటుంది. ఆ నలభై అడుగుల్లో నేను ఎన్ని అబద్ధాలు తయారు చేశానో చెబితే మీరు మెచ్చుకుంటారు. 'లెక్కలో పొరపాటు దొర్లినది' అని ఒకటి. ఆఫీసు భాషలో పొరపాటు దానంతట అదే దొర్లుతుంది, ఎవరూ చెయ్యరు. 'పాత పద్ధతి నుంచి కొత్త పద్ధతికి మారే కాలంలో కొంత తేడా సహజము' అని ఇంకొకటి. ఇది ఇంకా బాగుంది. నిజం చెబితే ప్రాజెక్టు పోతుంది, కాగితం పోతుంది, కాగితం కోసం పంపిన ఉద్యోగం కూడా పోవచ్చు. మేస్త్రి బయటపడితే చాలు కదా, నేను కూడా మునగడం ఎందుకని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

వెనకాలే వస్తున్న మునిరత్నం మెల్లిగా పిలిచాడు.

"సామీ, మీ మొగం బాగలేదు. ఇది మీ మీదికి వస్తాదా? అట్లైతే నేనే ఏందో మర్చిపోయినానని చెప్తాలే. సిన్నోరు మీరు, సదువుకుంటాండారు. దొంగ అనకుండా ఉంటే సాలు నాకు."

నాకు ఏడుపొచ్చింది. లారీకి పదిహేనుసార్లు ఆయన కళ్ళల్లోకి చూసి చెప్పినా రాని ఏడుపు అప్పుడొచ్చింది. అక్కడే నిలబడి కండువాతో మొహం తుడుచుకున్నాను. జట్టంతా వచ్చేదాకా ఆగి, అందరితో కలిసి నాయుడుగారి గది ముందుకు పోయాను.

"అరవై పెట్టెలు పంపింది నేనండి. మేస్త్రి నాకు రెండుసార్లు చెప్పబోయాడు, నేను నోరు మూయించాను. నివేదికలో రాసిందంతా తప్పు." లాభం కథ మొత్తం చెప్పాను.

నాయుడుగారు నా నివేదికను పక్కకు నెట్టాడు.

"కాయితం తెమ్మని పంపిస్తే పెట్టెలు పంపినావా?"

ఆయన మద్రాసుకు ట్రంకు కాలు వేశాడు. అది కలవడానికి గంట పట్టింది. ఆ గంటసేపూ నేనూ, మేస్త్రి, పన్నెండు మంది హమాలీలూ వరండాలో నిలబడే ఉన్నాం. మద్రాసు గోడౌనులో ఉండే పెద్దమనిషి లైన్లోకి వచ్చాడు. ఆయన గొంతు కూడా మేస్త్రి గొంతు లాంటిదే, మాకందరికీ వినబడింది.

"ఆమా సార్, లారీకి పదిహేను అదికం వస్తాంది. అరవై ఉంది. ఏదో మీ ఊరి మొక్కు అనుకుని విడిగా పెట్టినాం."

"ఒక ఉత్తరం రాయకూడదా అయ్యా!"

"తక్కువ వచ్చుంటే రాసేవాణ్ణి సార్" అన్నాడాయన, ఏమాత్రం తడుముకోకుండా.

నాయుడుగారు ఫోను పెట్టేసి లేచి, మునిరత్నం ముందుకు వచ్చి నిలబడ్డాడు. "తప్పు మాటంటిని మునిరత్నం. మనసులో పెట్టుకోవద్దు. జాతర నాడు నేనే మీ ఊరికి వస్తా. నువ్వు నాతో జీపులో రావల్ల, ముందర సీట్లో. అందరూ సూడనీ."

"వస్తా సార్." మునిరత్నం తలపాగా సర్దుకున్నాడు. మనిషి తేరుకున్నాడు, ఎప్పటి మెరుపు కళ్ళల్లోకి వచ్చేసింది. "ఇంకొకటి కూడా ఉండాది."

"అడుగు."

"లాభం మళ్ళీ నేనే చెప్తా. ఆ ఏడు మాత్రం, పద్ధతి కాబట్టి ఉండనీండి. అది సామినే అనమనండి."

ఆ సీజను ముగిసేదాకా ప్రతి లారీకీ నేను మేస్త్రి పక్కన నిలబడ్డాను. "లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు" అని ఆగేవాడు. జట్టు మొత్తం ఆగేది. నేను గొంతు సవరించుకుని "ఏడు!" అని అరిచేవాణ్ణి. తర్వాత ఆయన తాపీగా ఎనిమిది అందుకునేవాడు. ఇది చూడ్డానికి లారీ డ్రైవర్లు టీ గ్లాసులు పట్టుకుని వచ్చి నిలబడేవాళ్ళు. తర్వాతి ఏడాది కొత్త కార్డులు అచ్చు వేయించినప్పుడు మొదటి గడిలో 'లాభం' అని నేను పెట్టించాను. ఏడో గడిలో 'సామి' అని నాయుడుగారు పెట్టించాడు.

మూడు

ప్రాజెక్టు మళ్ళీ రాశాను. పేరు 'లెక్కింపులో నేను చేసిన తప్పు'. మౌఖిక పరీక్షకు బయటి ఊరి నుంచి ఒక పెద్ద అధికారి వచ్చాడు. అంతా విని ఒకే ప్రశ్న వేశాడు.

"ఇప్పుడు మీ దగ్గర లాభం అంటే ఒకటా, ఒకటికి ముందా?"

"ఒకటే సార్."

"ఎలా చెప్పగలరు?"

"మేస్త్రిని అడిగాను సార్."

పక్కనున్న సుబ్బరాయన్ సార్ మళ్ళీ కళ్ళజోడు తుడుచుకున్నారు. నేను గట్టెక్కాను, మార్కులు అంతంత మాత్రమే.

మరుసటి సీజనుకు సర్టిఫికెట్టు పోస్టులో వచ్చింది. నాయుడుగారికి చూపించి, నేరుగా గోడౌనుకు పరుగెత్తాను. మునిరత్నం షెడ్డు నీడన కూర్చుని బెంగళూరా పండు తింటున్నాడు.

"ఏంది సామీ అది?"

"నాకు లెక్కపెట్టడం వచ్చిందని రాసిచ్చారు మేస్త్రీ."

"యాడ, సూడనీండి." రెండు చేతులా అందుకుని, చదువు రాకపోయినా పైనుంచి కింది దాకా శ్రద్ధగా చూశాడు. "ఎవురు నేర్పించినారో రాసినారా?"

"కింద రెండు సంతకాలున్నాయి కదా."

"వాళ్ళెవురన్నా ఈడికి వచ్చినారా?"

"రాలేదు."

"అద్దీ" అని నవ్వి, తిరిగి నా చేతికిచ్చాడు. కుడివైపు మూలన ఆయన బొటనవేలు పచ్చగా అచ్చుపడింది.

నాకు ఎంత కోపం వచ్చిందంటే, "ఏం చేశావయ్యా!" అని గట్టిగానే అరిచాను. తడిగుడ్డతో తుడిచాను. ఇంకాస్త పాకింది. ఆయన పాపం నొచ్చుకుని రెండు రోజులు నా కంటబడలేదు. ఆ రెండు రోజుల్లో నా కోపం పోయి, ఆ కాగితాన్ని తీసి చూసుకున్నప్పుడల్లా నవ్వు రావడం మొదలైంది.

ఆదివారం తిరుపతిలో ఫ్రేములు కట్టే అంగడికి తీసుకుపోయాను. అంగడాయన మరక చూసి, ఆ మూల కనబడకుండా పైన అట్ట మడిచేస్తానన్నాడు.

"వద్దప్పా. మూడు సంతకాలూ కనపడాలి."

ఆయన సర్టిఫికెట్టు వెలుతురులోకి పట్టుకుని, సంతకాల మీద వేలు పెట్టి చూశాడు. "ఒకటి, రెండు. రెండే ఉండాయి కదా సామీ?"

"లాభం నుంచి లెక్కపెట్టప్పా" అని మరక చూపించాను.